కృష్ణా తీరపు జీవజాలం: బెజవాడ కాలువగట్ల నుంచి దివిసీమ మడ అడవుల దాకా

విజయవాడ దగ్గర కృష్ణానది కొండలను వదిలి మైదానంలోకి వస్తుంది. ఊరికి పడమట కొండపల్లి అడవి, నది ఒడ్డునే ఇంద్రకీలాద్రి, అవతలి ఒడ్డున సీతానగరం, ఉండవల్లి కొండలు. అక్కడి నుంచి సముద్రం దాకా అంతా చదునైన డెల్టా నేల. ఎండాకాలం ఆకురాల్చే కొండ అడవి, నది లంక, ఇసుకతిన్నె, పంటకాలువ, వరిచేను, మంచినీటి సరస్సు, ఉప్పునీటి మడ అడవి, సముద్రపు ఇసుకతీరం ఇవన్నీ ఒక్కరోజు ప్రయాణంలో చూడగలిగే చోటు మన దేశంలో అరుదు. ఇక్కడి పక్షులూ చేపలూ జంతువుల్లో ఎక్కువ భాగం అభయారణ్యాలకు బయటే బతుకుతున్నాయి. కాలువగట్టు మీది తుమ్మచెట్టు, మురుగు కాలువలోని జమ్ము, లంకలోని రెల్లు, చేపలచెరువు కట్ట, వరిచేని బోదె వాటి నివాసాలు. నీటికీ మనిషి వాడే నేలకూ మధ్య ఎంత అంచు మిగిలితే అంత జీవం మిగిలింది. కాబట్టి ఈ ప్రాంతపు ప్రకృతి గురించి చెప్పాలంటే ముందు నీటిని కట్టడం, మళ్లించడం గురించి చెప్పాలి.

ఆనకట్ట, కాలువలు

మహాబలేశ్వర్ దగ్గర పుట్టిన కృష్ణ సుమారు 1,300 కిలోమీటర్లు ప్రవహించి విజయవాడ చేరాక రెండు కొండల నడుమ ఇరుకవుతుంది. ఆ ఇరుకే ఆనకట్టకు అనువైన చోటయింది. 1832-33 నాటి డొక్కల కరువు గుంటూరు సీమను తుడిచిపెట్టిన తరువాత డెల్టాకు నీరివ్వాలన్న ఆలోచన బలపడి, 1852-55 మధ్య కెప్టెన్ ఛార్లెస్ ఆర్ ఆధ్వర్యంలో ఆనకట్ట లేచింది. 1952 వరదలో అది తెగింది. దాని స్థానంలో 1954-57లో కట్టిన బ్యారేజీకి టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. దానికి 70 గేట్లు. దాని కింద సాగయ్యే నేల దాదాపు 13 లక్షల ఎకరాలు. ఎడమ ఒడ్డున బయలుదేరే ఏలూరు, రైవస్, బందరు కాలువలు మూడూ విజయవాడ ఊరి నడుమగుండా పోతాయి. కుడివైపు కాలువలు గుంటూరు, బాపట్ల ప్రాంతాలకు నీరిస్తాయి. ఒకప్పుడు ఈ కాలువల మీద పడవలు తిరిగేవి. ఏలూరు కాలువ గోదావరి కాలువలతోనూ, కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలువతోనూ కలవడం వల్ల కాకినాడ నుంచి మద్రాసు దాకా నీటిదారి ఉండేది.

పడవలు పోయినా ఆ నీటిదారి పోలేదు. డెల్టాలోని చేపకూ కప్పకూ నీటిమొక్కకూ అదే రాకపోకల దారి. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి నీరు పోలవరం కుడికాలువలో వచ్చి ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో పడ్డప్పుడు రెండు నదులు కలిశాయని గొప్పగా చెప్పుకున్నాం. నిజానికి ఏలూరు దగ్గర వాటి నీళ్లు పంతొమ్మిదో శతాబ్దంలోనే కలిశాయి. కొత్త సంగతి ఏమిటంటే, ఇప్పుడు గోదావరి నీరు బ్యారేజీకి పైన, నదిలోనే కలుస్తోంది. నీటితో పాటు చేపపిల్లలూ గుడ్లూ నాచూ గింజలూ వస్తాయి. ఈ కలయిక ఫలితం తేలడానికి దశాబ్దాలు పడుతుంది.

డెల్టాలో రుతువులకు తోడు కాలువల క్యాలెండర్ ఒకటి నడుస్తుంది. తొలకరి తరువాత కాలువలకు నీరు వదులుతారు, వేసవి మొదలవుతుండగా కట్టేస్తారు. నీరు తగ్గి మడుగులు మిగిలినప్పుడు చేపలన్నీ వాటిలో చేరతాయి. ఆ కొద్ది రోజులు తెల్లకొంగలు, గుడ్డికొంగలు, నీటికాకులు, గద్దలు మనుషులతో పోటీపడి కాలువలో దిగుతాయి. కొంగల లెక్క చూడాలనుకునేవారికి ఇంతకన్నా మంచి సమయం లేదు.

బ్యారేజీకి ఎగువన, దిగువన

ఎగువన నది నిండుగా, నిలకడగా ఉంటుంది. సుమారు మూడు టీఎంసీల నీరు నిలిచే ఈ చెరువులాంటి భాగంలోనే 130 ఎకరాల భవానీ ద్వీపమూ, మరికొన్ని చిన్న లంకలూ ఉన్నాయి. లోతునీటిలో మునిగి వేటాడే నీటికాకులు, గాలిలో ఒకేచోట రెక్కలు కొట్టుకుంటూ నిలిచి నిట్టనిలువునా దూకే నలుపు-తెలుపు లకుముకిపిట్టలు, నీటిమీద తిరిగే గరుడపక్షులు ఇక్కడ ఏడాది పొడవునా ఉంటాయి. నీటికుక్కలు గుంపులుగా ఈదుతూ కనిపించడమూ ఉంది. లంకల్లో పర్యాటకుల కోసం కట్టడాలు పెరిగాయి గాని, జనం తిరగని చిన్న లంకల్లో తుంగా జమ్మూ ఇంకా మిగిలాయి. వాటిని అలాగే వదిలేయడమే వాటికి చేయగల మేలు.

దిగువన తీరు వేరు. వరద రోజులు తప్పిస్తే అక్కడ నది వెడల్పాటి ఇసుకపర్ర. నడుమ సన్నని పాయలు, మడుగులు, వాటి మధ్య లంకభూములు. లంకల్లో అరటి, పసుపు, కూరగాయలు పండిస్తారు. సాగుచేయని మెరకల్లో రెల్లు పెరిగి, బెజవాడ అంతా దసరాకు సిద్ధమయ్యే రోజుల్లో తెల్లగా పూస్తుంది. నక్కలకు, ముంగిసలకు, అడవిపిల్లులకు ఆ రెల్లుపొదలే ఇళ్లు. ఎండాకాలంలో ఈ ఇసుక మీద ఒక ముఖ్యమైన పని జరుగుతుంది. నది మీద ఎగిరే టెర్న్ పిట్టలు, చిన్న ఉల్లంకులు, తీతువులు ఉత్త ఇసుకలోనే చిన్న గుంట చేసి గుడ్లు పెడతాయి. గుడ్డు రంగు ఇసుకరంగు, పిల్ల రంగు గులకరాయి రంగు. శత్రువుకు కనబడకుండా ఉండడానికి ఏర్పడిన ఆ రంగే ఇసుక లారీ చక్రం కింద వాటిని కాపాడలేకపోతోంది. ఇసుక తవ్వకం ఎక్కువగా సాగేదీ నది ఎండిన ఆ నెలల్లోనే. గూళ్ల కాలంలో కొన్ని తిన్నెలనైనా యంత్రాలకు దూరంగా ఉంచితే ఖర్చు ఏమీ లేకుండానే ఈ పక్షులు నిలబడతాయి.

వరద వచ్చినప్పుడు ఈ పర్ర అంతా నదికి తిరిగి దక్కుతుంది. 2009 అక్టోబరులో బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా, 2024 సెప్టెంబరు మొదట్లో 11.4 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పోయింది. 2009 తరువాత విడతలుగా కట్టిన రక్షణగోడ 2024లో విజయవాడ నది ఒడ్డునున్న కృష్ణలంకను కాపాడింది. గోడ అవసరమే, దాని వెనక వేలాది కుటుంబాలున్నాయి. అయితే గోడ కట్టిన మేర ఒడ్డు ఉండదు. 2016 పుష్కరాలకు కట్టిన ఘాట్లలోనూ అదే జరిగింది. మట్టి ఒడ్డులో బొరియ తవ్వి గుడ్లు పెట్టే లకుముకిపిట్టకు సిమెంటు మెట్లలో చోటు లేదు.

కొండలు

ఊరి చుట్టూ కనిపించే ఎర్రబారిన కొండలది ఖోండలైటు జాతి రాయి. తొలితరం భూగర్భ శాస్త్రజ్ఞులు దీన్నే బెజవాడ నైస్ అని రాశారు. మొగల్రాజపురం, గుణదల కొండలు చాలావరకు ఇళ్ల కింద పోయాయి. ఇంద్రకీలాద్రి మీద కోతులు, రాతి నెర్రెల్లో గబ్బిలాలు, గుడ్లగూబలు ఉన్నాయి.

చెప్పుకోదగ్గ అడవి కొండపల్లిది. ఎండాకాలంలో మోడువారి, తొలకరికి నాలుగు రోజుల్లో పచ్చబడే పొడి అడవి ఇది. అడవిపందులు, నక్కలు, ముళ్లపందులు, ఉడుములు, నెమళ్లు ఉన్నాయి, చిరుత జాడలు అప్పుడప్పుడు తెలుస్తుంటాయి. ఈ అడవిని దేశమంతటికీ పరిచయం చేసింది మాత్రం తెల్లపొణికి చెట్టు. కొండపల్లి బొమ్మ ఆ కర్రతోనే చేస్తారు. కర్ర తేలిక, మెత్తన, ఉలికి ఎదురుతిరగదు. పొణికి నెమ్మదిగా పెరిగే చెట్టు, రాతినేలను కోరుకునే చెట్టు. నరికిన వేగంతో నాటకపోవడం వల్ల దగ్గరి కొండల్లో అది పలచబడి, కళాకారులు కర్ర కోసం దూరం చూడవలసి వస్తోంది. బొమ్మకు గుర్తింపు తెచ్చినంత శ్రద్ధగా చెట్టును పెంచి ఉంటే ఈ పరిస్థితి వచ్చేది కాదు. ఈ కొండల అంచున, మూలపాడు దగ్గర అటవీశాఖ సీతాకోకచిలుకల పార్కు ఉంది. వానలు పడ్డాక, ఉదయపు ఎండ ఎక్కే వేళ అక్కడ నడిస్తే చాలు, రెక్కలకు పేర్లు వెతుక్కునే పని పిల్లలకు కడుపునిండా దొరుకుతుంది.

ఊళ్లో: పార్కుకన్నా కాలువగట్టు

విజయవాడలో పార్కులు లేకపోలేదు. రాజీవ్ గాంధీ పార్కు, రాఘవయ్య పార్కు, కాలువల వెంట తీర్చిన పచ్చని పట్టీలు ఉన్నాయి. గడ్డి కత్తిరించి, క్రోటన్లు నాటి, దీపాలు పెట్టిన చోట గోరింకలు, కాకులు, పావురాలు తప్ప పెద్దగా ఏమీ చేరవు. అదే మూడు కాలువల గట్ల మీద ఎవరూ నాటకుండా పెరిగిన తుమ్మలు, కానుగలు, రావులు, మేడిచెట్లు, నిద్రగన్నేర్లు ఎక్కువ జీవాన్ని మోస్తున్నాయి. మేడి, రావి పండే రోజుల్లో కోకిలలు, చిలకలు, కంసాలిపిట్టలు పగలంతా, పెద్ద గబ్బిలాలు రాత్రంతా తింటాయి. అవి విసర్జించిన గింజలే పాతగోడల మీద, వంతెనల పగుళ్లలో కొత్త రావిమొక్కలుగా లేస్తాయి. 2018లో ఆంధ్రప్రదేశ్ రామచిలుకను రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. ఆ చిలుకకు కావలసినది తొర్ర ఉన్న ముసలి చెట్టు. రోడ్లు వెడల్పు చేసినప్పుడు ముందుగా పోయేదీ అలాంటి చెట్టే. దానికి బదులు నాటిన మొక్క ఆ తొర్ర ఇవ్వడానికి ఒక మనిషి జీవితకాలం పడుతుంది.

కాలువ నీళ్లలో పరిస్థితి బాగా లేదు. ఊరి మురుగు, ప్లాస్టిక్, ఇళ్ల చెత్త ఏళ్లుగా వీటిలోకే చేరుతున్నాయి. మురుగులోని ఎరువుతో గుర్రపుడెక్క కాలువ నిండా అల్లుకుంటుంది. దక్షిణ అమెరికా నుంచి అలంకారానికి తెచ్చిన ఈ మొక్క నీటిలోకి వెలుతురునూ గాలినీ రానివ్వదు. కింద చేపకు ఊపిరాడదు. యంత్రాలతో తీసి గట్టున వేస్తారు, నెలల్లో మళ్లీ అల్లుకుంటుంది, ఎందుకంటే మురుగు ఆగలేదు.

అదే ఖండం నుంచి వచ్చిన మరో అతిథి దెయ్యం చేప. ఒంటినిండా కవచంలాంటి గట్టి పొలుసులు, పడవ తెరచాపలాంటి పెద్ద వీపురెక్క ఉండే ఈ చేపను అక్వేరియం గాజు నాకి శుభ్రం చేస్తుందని కొని, పెద్దదయ్యాక కాలువలో వదిలేసేవారి వల్ల ఇది నదుల్లోకి చేరింది. వలలు కోస్తుంది, కొనేవారు ఉండరు, గుడ్లు పెట్టడానికి గట్లలో సొరంగాలు తవ్వుతుంది. మురుగునీటిలోనూ బతుకుతుంది గనుక మన చేపలు చాలావరకు తట్టుకోలేని చోట ఇది వర్ధిల్లుతుంది. అక్వేరియం చేపను కాలువలో వదలడం పుణ్యం కాదు, ఆ కాలువ మీద బతికే జాలరికి చేసే హాని. ఈ మాట బడిపిల్లలకు చెప్పవలసినంత ముఖ్యమైనది.

వరిచేను ఒక చిత్తడి నేల

డెల్టా సహజ చిత్తళ్లలో ఎక్కువ భాగం నూటయాభై ఏళ్లలో వరిపొలాలయ్యాయి. చిత్తడిలో బతికే జీవులు కొన్ని పొలానికి అలవాటుపడ్డాయి. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు వెనక నడిచే తెల్లకొంగల బారును చూడని డెల్టావాసి ఉండడు. నాట్లు పడ్డాక చేలో నత్తలు, పురుగులు, చిన్నచేపలు, కప్పలు పెరుగుతాయి. నత్తల కోసమే పుట్టినట్టు ముక్కు మధ్యలో సందు ఉండే నత్తగుల్ల కొంగ వాటిని ఏరుతుంది. తొలివానలకు గోదురుకప్పల మగవి పసుపురంగు తిరిగి రాత్రంతా అరుస్తాయి. ఈతచెట్ల మీద, కాలువ పైకి వంగిన తుమ్మకొమ్మల మీద గిజిగాళ్లు వేలాడే గూళ్లు అల్లుతాయి. సార్వా వరి కోతకు ముందే చేలో మినుము చల్లడం కృష్ణా డెల్టా రైతు పద్ధతి. అందువల్ల కోతల తరువాత కూడా నేల బోసిపోదు, పిట్టలకు పురుగు దొరుకుతూనే ఉంటుంది. కోసిన పొలాల్లో రాలిన గింజ మీద బాతుల మందలను తిప్పే కాపరులూ ఈ క్రమంలో భాగమే.

పురుగుమందు వాడకం పెరిగిన చోట కప్ప తగ్గుతుంది, కప్ప తగ్గితే పురుగు పెరుగుతుంది. ఎలుక సంగతీ అలాంటిదే. ఎలుకను తినేవి గుడ్లగూబ, జెర్రిపోతు, నక్క, అడవిపిల్లి. వీటిని చంపుకుంటూ ఎలుకలమందు కొనుక్కోవడం తెలివైన వ్యవసాయం కాదు. పాముల భయం మాత్రం నిజమైనది. దివిసీమలో కోతలకీ కలుపుతీతకీ వంగే చేతులకు రక్తపింజర కాటు ప్రాణాంతకం. 2018లో అవనిగడ్డ ప్రాంతంలో పాముకాట్లు బాగా పెరిగి జనం బెంబేలెత్తారు. మోకాలి దాకా బూటు, చేతిలో టార్చిలైటు, దగ్గరి ఆసుపత్రిలో విరుగుడు మందు ఉంటే మనిషీ బతుకుతాడు, ఎలుకలను తినే పామూ బతుకుతుంది.

బుడమేరు, కొల్లేరు

మైలవరం వైపు కొండల్లో పుట్టే బుడమేరు విజయవాడ ఉత్తరపు అంచున సాగి కొల్లేటిలో కలుస్తుంది. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి వరదనీటిలో కొంత కృష్ణలోకి మళ్లించే ఏర్పాటు ఉంది. 2024 సెప్టెంబరులో ఆ మళ్లింపు కాలువకు గండ్లు పడి, అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. వాగు వెడల్పు తగ్గించి, దాని పొంగునేలలో కాలనీలు వేసిన ఫలితం అది. ఆ పొంగునేలల్లో ఒకప్పుడు నిలిచినది ఒక్క నీరే కాదు. జమ్ము, కలువలు, నీటికోళ్లు, వాటితోపాటు కొర్రమేను గుడ్లు పెట్టే లోతులేని మడుగులూ అక్కడే ఉండేవి. వరదను మింగగల నేల, జీవాన్ని పోషించగల నేల ఇక్కడ ఒక్కటే.

కొల్లేరు కృష్ణా గోదావరి డెల్టాల నడుమ మిగిలిన పల్లం. బుడమేరు, తమ్మిలేరు లాంటి వాగులు, పదుల కొద్దీ మురుగు కాలువలు నీటిని తెచ్చి నింపితే, ఉప్పుటేరు ఒక్కటే సుమారు 60 కిలోమీటర్లు వంకరలు తిరిగి దాన్ని సముద్రానికి చేరుస్తుంది. సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు గీత దాకా సరస్సు వైశాల్యం 308 చదరపు కిలోమీటర్లు, పదడుగుల గీత దాకా లెక్కిస్తే 901. ఈ గీతలు ఇక్కడ అంకెలు మాత్రమే కావు. ఏ గీత దాకా సరస్సు, ఏ గీత నుంచి పొలం అన్నదాని మీద వేల కుటుంబాల బతుకూ లక్షల పక్షుల బతుకూ ఆధారపడ్డాయి. 1999లో అయిదడుగుల గీత (అయిదో కాంటూరు) దాకా అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తింపు వచ్చింది.

1970ల చివరి నుంచి కొల్లేటిలో చేపల చెరువులు వెలిశాయి. మొదట పేద లంకవాసుల సహకార సంఘాల పేరుతో, ఆ తరువాత పెట్టుబడి గలవారి చేతుల్లో. కట్ట మీద కట్ట లేచి నీరు పారే దారి మూసుకుంది. 2005-06లో న్యాయస్థానాల ఆదేశాల మేరకు ఆపరేషన్ కొల్లేరు పేరుతో వేల ఎకరాల చెరువుల కట్టలను పేల్చి, తవ్వి తొలగించారు. కొంతకాలం నీరు పారింది. తరువాత చాలాచోట్ల కట్టలు మళ్లీ లేచాయి. చెరువులు వేసినవారందరూ దోషులని గానీ, లంకగ్రామాల వారికి చేపతో పని లేదని గానీ అనడం అన్యాయం. పట్టా ఉన్న చిన్నరైతుకు నష్టపరిహారం ఇవ్వకుండా పక్షుల పేరు చెప్పి కట్ట తెంచితే అతనికి పక్షి మీద ప్రేమ కలగదు. సరస్సుకు నీటి దారి, రైతుకు న్యాయమైన ధర రెండూ ఒకేసారి జరగాలి. ఇన్నేళ్లుగా లోపించింది ఆ రెండో సగం.

కొల్లేటికి గుర్తు గూడబాతు. ముక్కు కింద సంచి, సంచి మీదా ముక్కు మీదా మచ్చలు, నెమ్మదైన భారీ రెక్కలు. పక్షిశాస్త్రంలో ఈ ప్రాంతానికి పేరు తెచ్చింది పశ్చిమ గోదావరిలోని ఆరేడు గ్రామం. కేరళ పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ అక్కడ చెట్ల మీద గూళ్లు పెట్టిన గూడబాతుల గురించి 1949లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో రాశారు. 1970ల నాటికి ఆ గూళ్లు ఖాళీ అయ్యాయి. చాలా ఏళ్ల విరామం తరువాత గూడబాతులు కైకలూరు దగ్గర ఆటపాక చెరువులో గూళ్లు కట్టసాగాయి. చెట్లు చాలకపోతే అటవీశాఖ ఇనుప స్టాండ్లు నిలబెట్టింది, పక్షులు వాటినీ ఒప్పుకున్నాయి. గూడబాతులతో పాటు ఎర్రకాళ్ల కొంగలు, తెల్లకంకణాలు, నీటికాకులు అక్కడ పిల్లలను లేపుతాయి. చలికాలంలో మధ్య ఆసియా, సైబీరియా వైపు నుంచి సూదితోక బాతులు, పొడవు ముక్కుల ఉల్లంకులు దిగుతాయి.

గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెప్పుకోదగిన మరో చోటు. అదొక మామూలు ఊరి చెరువు. నడుమ దిబ్బలు, దిబ్బల మీద తుమ్మలు, వాటి నిండా గూడబాతులు, కొంగలు. చుట్టూ ఇళ్లు, రోడ్డు, బడి శబ్దం. ఊరివారు రాయి విసరనివ్వరు. పక్షికి కావలసినది నిర్మానుష్యం కంటే నిర్భయం అని ఉప్పలపాడు రుజువు చేస్తుంది. ఆ పక్షులు మేతకు వెళ్లేది మాత్రం చుట్టుపక్కల కాలువలకూ చేపల చెరువులకూ. చెరువు రైతుకు గూడబాతు అంటే రోజుకు కిలో చేప తినే దొంగ. అందుకే వలలు కప్పుతారు, బాణసంచా కాలుస్తారు. వలలో చిక్కి చచ్చే పక్షుల సంఖ్య తగ్గాలంటే కనిపించే రంగు, బిగుతైన అల్లిక ఉన్న వల వాడాలి.

దివిసీమ, మడ అడవులు

పులిగడ్డ దగ్గర కృష్ణ చీలుతుంది. ఒక పాయ హంసలదీవి వైపు, ప్రధాన పాయ నాగాయలంక మీదుగా దక్షిణానికి పోయి అక్కడ మళ్లీ పాయలై సముద్రాన్ని చేరతాయి. మధ్యలో ఉన్నది దివిసీమ. సముద్రపు అంచున నాచుగుంట, ఎదురుమొండి, ఎలిచెట్లదిబ్బ, సొర్లగొంది, అటువైపు లంకెవానిదిబ్బ చుట్టూ మడ అడవులు ఉన్నాయి. వీటిలో 194.81 చదరపు కిలోమీటర్లను 1989లో కృష్ణా అభయారణ్యంగా ప్రకటించారు. రాష్ట్రంలో కోరింగ తరువాత పెద్ద మడ అడవి ఇదే.

రోజుకు రెండుసార్లు పోటూ, రెండుసార్లు పాటూ వచ్చే ఉప్పుబురదలో మామూలు చెట్టు వేరుకు గాలి అందక చస్తుంది. మడచెట్టు వేళ్లను బురద నుంచి పైకి పొడుచుకొచ్చేలా పెంచి వాటితో గాలి పీలుస్తుంది. ఎక్కువైన ఉప్పును ఆకుల మీదికి చెమటలా వెలువరిస్తుంది. ఉప్పుపొన్న గింజ తల్లిచెట్టు మీద ఉండగానే మొలకెత్తి, పొడవాటి కాయలా వేలాడి, రాలగానే బురదలో నాటుకుంటుంది. తిల్లచెట్టు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదమని వేటకు వెళ్లేవారికి తెలుసు. ఈ వేళ్ల చిక్కులో రొయ్యపిల్లలు, పీతలు, చేపపిల్లలు పెరుగుతాయి. సముద్రంలో వల వేసేవాడికి దొరికే పంటలో కొంత ఇక్కడ పెరిగినదే. పీతలు పట్టి జీవించే యానాదులకు ఈ కాలువల ప్రతి మలుపూ తెలుసు. అడవిని కాపాడే ఏ ఏర్పాటుకైనా మొదట అడగవలసినది వారినే.

ఇక్కడి అరుదైన జంతువు నీటిపిల్లి. బావురుపిల్లి అని కూడా అంటారు. ఇంటిపిల్లికి రెండింతల పైన ఉండే బరువైన ఒళ్లు, బూడిదరంగు బొచ్చు మీద నల్లని చుక్కల వరసలు, పొట్టి తోక, వేళ్ల మధ్య కొంత చర్మం. రాత్రిపూట కాలువ ఒడ్డున కదలకుండా కూర్చుని, చేప కదిలినచోట పంజా విసురుతుంది, అవసరమైతే మునిగి పట్టుకుంటుంది. అభయారణ్యంలో దాని ఉనికిని కెమెరాలు పెట్టి నిర్ధారించారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో పులితో సమానమైన రక్షణ దానిది. అడవి బయట రొయ్యల చెరువుల గట్ల మీద, మురుగు కాలువల జమ్ములో కూడా అది తిరుగుతుంది. అక్కడ ప్రమాదం కుక్కల నుంచి, వాహనాల నుంచి, చిరుతపిల్ల అనుకుని భయపడే మనుషుల నుంచి. నీటికుక్కలు, నక్కలు, నల్లతల లకుముకిపిట్టలు కూడా ఈ కాలువలలోనే ఉంటాయి.

1977 నవంబరు 19న దివిసీమ మీద పడిన ఉప్పెన పదివేలకు పైగా ప్రాణాలు తీసింది. ఎత్తయిన అలను మడ అడవి పూర్తిగా ఆపలేదు, కానీ దాని వేగాన్ని విరుస్తుంది. ఇది తీరంలో తెలిసినవారందరూ చెప్పే మాట. ఆ తరువాతి దశాబ్దాలలో రొయ్యల చెరువుల కోసం మడను నరికినప్పుడు ఆ మాట ఎవరికీ గుర్తుకు రాలేదు. నరికినచోట నేల కుంగి, నీరు నిలిచి, ఎండకు ఉప్పు పేరుకుని ఏమీ మొలవని చవిటిగా మారుతుంది. అలాంటి నేలలో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ, ఊరి కమిటీలు కలిసి చేపముల్లు ఆకారంలో పిల్లకాలువలు తవ్వి పోటునీటిని లోపలికి తెచ్చాయి. ఉప్పు కడిగిపోయాక నాటిన మడ బతికింది. కృష్ణా, గోదావరి డెల్టాలు రెండింటిలోనూ ఈ పద్ధతి ఫలించింది.

పైనుంచి రావలసిన ఒండ్రు రాకపోవడం మడకు మరో దెబ్బ. 1967లో నాగార్జునసాగర్, 1980లలో శ్రీశైలం, 2013లో పులిచింతల. ఒక్కొక్క జలాశయం నీటితో పాటు మట్టినీ ఆపింది. డెల్టా పెరిగేది ఆ మట్టితోనే. అది అందక తీరం చాలాచోట్ల కోతకు గురవుతోంది, ఉప్పునీరు లోపలికి చొరబడుతోంది.

తాబేళ్ల తీరం

జనవరి నుంచి ఏప్రిల్ దాకా పాలకాయతిప్ప, ఎదురుమొండి, నాచుగుంట ఇసుకతీరాలకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిళ్లు గుడ్లకు వస్తాయి. ఒక్కొక్కటి వంద పైచిలుకు గుడ్లు గుంటలో పెట్టి, పూడ్చి, సముద్రంలోకి వెళ్లిపోతుంది. అటవీశాఖ సిబ్బంది, మత్స్యకార యువకులు గుడ్లను నక్కలకూ కుక్కలకూ చిక్కకుండా తెచ్చి కంచె వేసిన ఇసుకలో పొదిగిస్తారు. 45 నుంచి 60 రోజులకు పిల్లలు వస్తాయి. ఇసుక వేడిని బట్టే పిల్ల మగదో ఆడదో నిర్ణయమవుతుంది, వేడి పెరిగేకొద్దీ ఆడవి ఎక్కువ.

తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. అది చేపల గుడ్ల కాలానికి పెట్టిన గడువు. తాబేలు తీరానికి వచ్చే జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో ట్రాలర్లు తిరుగుతూనే ఉంటాయి. వలలో చిక్కిన తాబేలు గాలి పీల్చడానికి పైకి రాలేక చస్తుంది. ట్రాలు వలకు తాబేలు బయటపడే ద్వారం బిగించడం ఇందుకున్న పరిష్కారం. కొంత చేపా జారిపోతుందని మరపడవలవారు వెనకాడతారు. ఆ నష్టాన్ని ప్రభుత్వం భరించి ద్వారాన్ని తప్పనిసరి చేయడమే సరైన మార్గం.

ఇక్కడి పక్షులనూ మడ అడవులనూ చూడదలచినవారికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. ఆటపాకకూ ఉప్పలపాడుకూ తెల్లవారుజామున చేరాలి. నాగాయలంక నుంచి పడవల మీద మడ అడవిలోకి వెళ్లేవారు అటవీశాఖ అనుమతి తీసుకోవాలి.

2024 వరద తరువాత బుడమేరును వెడల్పు చేసి గట్లు బలపరచే పని చేతికి వచ్చింది. ఆ పని చేసే ఇంజనీర్లకూ నగర పాలకులకూ ఒక విన్నపం. అవసరమైన చోట గోడ కట్టండి. మిగతా చోట ఒక పక్క గట్టునైనా మట్టిగా, వాలుగా ఉంచి, జమ్మునూ తుమ్మనూ పెరగనివ్వండి. కాలనీలు లేని పల్లాన్ని పొంగునేలగా గుర్తించి, దానికి పట్టాలివ్వడం ఇప్పుడే ఆపండి.